పోలమ్మవ్వ కొబ్బరిచిప్ప

ఏడో తరగతి తెలుగు వాచకంలో 'పోలమ్మవ్వ పడవ' అని ఒక పాఠం ఉంది. వాచకం మూడుసార్లు మారినా ఆ పాఠం మాత్రం కదల్లేదు. దాని చివర మూడో ప్రశ్న ఇది: పోలమ్మవ్వ తన పడవను మునసబుకు ఎందుకు ఇచ్చింది? సొంత మాటల్లో రాయండి.

మా చుట్టుపక్కల నాలుగు మండలాల పిల్లలు ఈ ప్రశ్నకు ఇరవై మూడేళ్ళుగా ఒకే సొంత మాటల్లో జవాబు రాస్తున్నారు. ఆ సొంత మాటలు నావి.

నా పేరు కొల్లిపర సుదర్శనం. కోటిపల్లి రేవుకి దగ్గర్లో ఉన్న ఒక ఊరి బడిలో తెలుగు మాస్టారిని. 'సుదర్శన దీపిక' అనే గైడు రాసిన మహానుభావుణ్ణి నేనే. వాచకం లేని ఇల్లు ఉంటుందేమో గానీ మా వైపు దీపిక లేని ఇల్లుండదు. అందులో 42వ పుటలో ఆ జవాబు ఇలా ఉంటుంది: "పోలమ్మవ్వ త్యాగమూర్తి. తనకున్న ఒకే ఒక్క పడవను కూడా నవ్వుతూ దానం చేసిన ఉదార హృదయురాలు. మనమందరం ఆమె అడుగుజాడలలో నడవాలి." ఇలా రాస్తే నాలుగుకి నాలుగు మార్కులు. అడుగుజాడలు మర్చిపోతే మూడున్నర.

ఈ ఏడు అర్ధ సంవత్సర పరీక్షల్లో మా క్లాసు లీడరు దినకర్ అడుగుజాడలు రాయడంతో ఊరుకోలేదు. గైడులో ఆ పేజీ అడుగున అచ్చయిన "తరువాయి 43వ పుటలో" అన్న ముక్క కూడా పొల్లుపోకుండా రాశాడు. పిల్లవాడు ఎంత శ్రద్ధగా చదివాడో అని ముచ్చటపడి నాలుగూ వేశాను.

పంపన వెన్నెల అనే పిల్ల మాత్రం ఒక్క లైను రాసింది. "పడవకి చిల్లు ఉంది, అందుకే ఇచ్చేసింది."

సున్నా వేశాను. చిన్న సున్నా కూడా కాదు, ఆ లైను మొత్తం లోపల పట్టేంత సున్నా.

దానివల్ల వచ్చిన చిక్కు ఏమిటంటే, ప్రతి ఏడూ జిల్లాలో పిల్లలకు పది రోజుల పఠన శిబిరం పెడతారు. బడికి ఒక్కరే వెళ్ళాలి, తెలుగులో మొదటి మార్కు వచ్చినవాళ్ళు. పది రోజులూ పొద్దస్తమానం కథల పుస్తకాలు చదువుకోవడమే పని. వచ్చేటప్పుడు నలభై పుస్తకాల పెట్టె ఇచ్చి పంపిస్తారు. దినకర్‌కి తొంభై ఒకటి, వెన్నెలకి ఎనభై తొమ్మిది. శనివారం లోపల పేరు పంపాలి.

సోమవారం వెన్నెల పేపరు పట్టుకుని స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది.

"మాస్టారండీ, సున్నా ఎందుకేసేరండి?"

"తప్పు రాశావు గనక."

"తప్పు కాదండి. పాఠంలో ఉందండి."

"ఇరవై మూడేళ్ళుగా చెబుతున్నాను ఆ పాఠం. అందులో చిల్లు అన్న మాటే లేదు."

"మాట లేదండి. చిల్లు ఉందండి."

నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ నాన్న రేవులో పడవలకి తారు పూసి బాగుచేస్తుంటాడు. "మీ నాన్న పడవలు బాగుచేస్తాడని కనపడ్డ పడవకల్లా చిల్లు పెట్టేస్తావా?" అన్నాను. స్టాఫ్‌రూమ్‌లో నలుగురూ పకపకా నవ్వారు. ఆ పిల్ల ఏడవలేదు. పేపరు నాలుగు మడతలు పెట్టి వాచకంలో దాచుకుంది. "నేను ఏడుసార్లు చదివేనండి," అని వెళ్ళిపోయింది.

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. అప్పుడు మాత్రం తీరిగ్గా టీ తాగాను.

ఆ సాయంత్రమే మా మరదలు హైమవతి విశాఖపట్నం నుంచి దిగింది. మా ఆవిడ సుభద్రకి చెల్లెలు. మెదడు మీద పరిశోధనలు చేసే ల్యాబులో ఉద్యోగం. బట్టల సంచీతోపాటు ఇంకో సంచీ తెచ్చింది. అందులో ఒక తలపట్టీ, దానికి వైరుతో తగిలించిన డబ్బా ఒకటి ఉన్నాయి. డబ్బా బస్సు కండక్టరు టికెట్లు కొట్టే మిషనంత ఉంది.

"ఇదేంటి హైమా, తలనొప్పికా?"

"తలనొప్పి తెప్పించడానికి బావగారూ," అంది. దాని పేరు ఆనవాలు అట. "మనం అనే ప్రతి మాటా ఏదో ఒక దారిన లోపలికి వచ్చిందే కదా. చదివామో, విన్నామో, కళ్ళతో చూశామో. తర్వాత మాట గుర్తుంటుంది, వచ్చిన దారి మర్చిపోతాం. మెదడు మాత్రం మర్చిపోదు. ఈ పట్టీ పెట్టుకుని ఏదన్నా అంటే, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చీటీ మీద కొట్టేస్తుంది."

"అయితే నిజమో అబద్ధమో తేల్చేస్తుందన్నమాట."

"తేల్చదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతుంది, అంతే. ఆ మాత్రానికే మా ల్యాబు సగం ఖాళీ అయిపోయింది."

జరిగింది ఏమిటంటే, వాళ్ళ డైరెక్టరు గారు పదకొండేళ్ళ కిందట ఒక సిద్ధాంతం కనిపెట్టారు. దానికి ఆయనకి బోలెడు శాలువాలు కప్పారు. మిషన్ తయారవగానే ఆయనే ముచ్చటపడి పట్టీ పెట్టుకుని, అందరి ముందూ ఆ సిద్ధాంతం వల్లించారు. "ఆధారం: సికింద్రాబాద్ రైలు, ఎదురు సీటాయన" అని చీటీ వచ్చింది. మర్నాడు హైమని మిషన్‌తో సహా సెలవు మీద పంపేశారు.

"మన ఇంట్లో అలాంటి భయాలేం లేవులే," అన్నాను నేను.

మంగళవారం పొద్దున్న సుభద్ర ఉప్మా పెట్టింది. ఎలా ఉంటుందో చూద్దామని నేను పట్టీ పెట్టుకుని కూర్చున్నాను.

"ఉప్మా ఎలా ఉందండీ?"

"అమృతం," అన్నాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా అంటున్న మాటే.

డబ్బా కిర్రుమంది. హైమ చీటీ చింపి, ముందూ వెనకా చూసుకోకుండా పైకి చదివేసింది. "ఆధారం: నాలుక కాదు. పెళ్ళయిన నాలుగో రోజు, పెరట్లో మామగారు చెప్పిన మాట."

సుభద్ర గరిటె కింద పెట్టింది. "మా నాన్న ఏం చెప్పేరు?"

ఇంక దాచి లాభం లేదు. "'మా అమ్మాయి ఏం వండినా అమృతం అనెయ్యండి అల్లుడుగారూ, ఇల్లు చల్లగా ఉంటుంది' అన్నారు."

ఇల్లు చల్లబడింది. రెండ్రోజులపాటు నాతో మాటల్లేవు. ఉప్మా కూడా లేదు. పెరుగన్నం గిన్నె బల్ల మీద పెట్టడం, చప్పుడు మాత్రం కాస్త గట్టిగా చెయ్యడం, అంతే.

బుధవారం సాయంత్రం హైమ అక్కగారిని కూడా కూర్చోబెట్టి పట్టీ తగిలించింది. ఏదన్నా మంచి మాట వస్తే మేమిద్దరం రాజీ పడతామని దాని ఆశ. "బావగారి గురించి నువ్వు అందరికీ చెప్పే మాట చెప్పక్కా."

సుభద్ర నన్ను చూడకుండా గోడకేసి చూస్తూ చెప్పింది. "మా ఆయనంత బాగా పాఠం చెప్పేవాళ్ళు ఈ జిల్లాలోనే లేరు." కోపంలో కూడా ఆ మాట అన్నందుకు నా గుండె పొంగింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, కూరగాయల బండి దగ్గర కూడా అంటుంది ఆ మాట.

డబ్బా కిర్రుమంది. చీటీ మీద మూడే మాటలున్నాయి. "ఆధారం: మా ఆయన."

హైమ నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. నాకు నవ్వు రాలేదు.

"అదేంటి సుభద్రా? ఇన్నేళ్ళలో నా పాఠం నువ్వు ఒక్కసారి కూడా వినలేదా?"

"ఎక్కడ వింటానండీ? మీరేమో క్యారేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్ళిపొమ్మంటారు." రెండ్రోజుల్లో నాతో అన్న మొదటి మాట అదే.

ఆ మాట లోపల గుచ్చుకుంది. ఇంట్లో పోయిన పరువు బళ్ళోనన్నా నిలబెట్టుకోవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. పట్టీని ఏడో తరగతికి తీసుకెళ్ళాలి. వెన్నెల జవాబు గాల్లోంచి పుట్టిందని, నా జవాబు పాఠంలోంచి పుట్టిందని అందరి ముందూ చీటీల మీద తేలిపోవాలి. శనివారం దినకర్ పేరు పంపేస్తే ఇంక ఎవరూ నోరెత్తరు.

"బావగారూ, ల్యాబులో కూడా ఇలాగే మొదలైంది," అంది హైమ.

"మీ డైరెక్టరు రైల్లో విన్నాడు. నేను పుస్తకం చదివినవాణ్ణి," అన్నాను.

గురువారం మూడో పీరియడ్. ఇలాంటి ప్రయోగం మా బళ్ళో ఎప్పుడూ జరగలేదు కాబట్టి హెడ్మిస్ట్రెస్ రోజ్‌మేరీ మేడం కూడా వచ్చి వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. హైమ డబ్బాను నా టేబుల్ మీద పెట్టింది. ప్రశ్న బోర్డు మీద రాశాను. పోలమ్మవ్వ పడవ ఎందుకు ఇచ్చింది?

ముందు దినకర్ వచ్చి చేతులు కట్టుకుని అప్పజెప్పాడు. త్యాగమూర్తి, ఉదార హృదయురాలు, అడుగుజాడలు, తరువాయి 43వ పుటలో. డబ్బా కిర్రుమంది. "ఆధారం: దీపిక, 42వ పుట."

"అది వాచకం కాదు కదా మాస్టారూ?" అన్నారు వెనకనుంచి మేడం.

"వాచకం ఆధారంగా రాసిందే మేడం," అని ఇంకొకణ్ణి పిలిచాను. దీపిక, 42వ పుట. ఇంకో అమ్మాయి. దీపిక, 42వ పుట. నాలుగోవాడికి "దీపిక, 42వ పుట, అక్క దగ్గరున్న పాత కాపీ, కాఫీ మరక పక్కన" అని వచ్చింది. ఆ తర్వాత అమ్మాయికి "దీపిక, 42వ పుట, పక్కింట్లో సీరియల్ వస్తుండగా" అని వచ్చింది. పదకొండు మంది అయ్యేసరికి టేబుల్ మీద చీటీల కుప్ప పడింది. ఒక్క చీటీలోనైనా 'పాఠం' అన్న మాట లేదు. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"వెన్నెలా, రా," అన్నాను. ఈ పిల్ల చీటీతోనన్నా గట్టెక్కుదామని.

పట్టీ పెద్దదై నుదుటిమీదికి జారుతుంటే ఒక చేత్తో పట్టుకుని నిలబడింది. "అవ్వ పడవకి చిల్లు ఉందండి. తొలకరికి చిల్లు పడవ మునిగిపోద్దండి. అందుకే మునసబుకి అంటగట్టేసిందండి."

డబ్బా ఈసారి ఆగకుండా కొట్టింది. చీటీ జానెడు వచ్చింది. హైమ చదివింది. "చిల్లు ఉంది. ఆధారం: పాఠం, రెండో పేరా, మూడో వాక్యం. పాఠం, నాలుగో పేరా, మొదటి వాక్యం. అంటగట్టింది. ఆధారం: పాఠం, నాలుగో పేరా, చివరి వాక్యం. తొలకరికి మునిగిపోతుంది. ఆధారం: పాఠంలో లేదు. నాన్న."

"దొరికిందా!" అన్నాను నేను. "నాన్న!"

వెన్నెల ఒక్క క్షణం ఆలోచించింది. "అవునండి. ఆ ముక్క మా నాన్నదండి. కొట్టేయండి. మిగతాయి ఉన్నాయి కదండీ."

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ రోజ్‌మేరీ మేడం అద్దాలు పైకి తోసుకుని, "ఆ వాక్యాలేమిటో చదువమ్మా," అన్నారు.

వెన్నెల వాచకం తెరిచి వేలు పెట్టి చదివింది. "'రోజూ తెల్లవారగానే అవ్వ కొబ్బరిచిప్పతో పడవలో నీళ్ళు తోడిపోసి, ఆ తర్వాతే జనాన్ని ఎక్కించుకునేది.' చిల్లు లేకపోతే రేవులో కట్టేసిన పడవలోకి రోజూ నీళ్ళెలా వత్తాయండి?"

"వానొచ్చిందేమో," అన్నాడు దినకర్.

"రోజూనా? ఇదిగో నాలుగో పేరా. 'వేసవి ముదిరే నాటికి చిప్ప చాలక అవ్వ తప్పేలా తెచ్చుకుంది.' వేసంకాలంలో వానేంట్రా?"

క్లాసులో కదలిక వచ్చింది. డెస్కుల్లోంచి వాచకాలు బయటికి వచ్చాయి. దినకర్ వాచకం జూన్‌లో ఇచ్చినట్టే కొత్తగా ఉంది. కొన్ని పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. వాడు గోరుతో విడదీసుకుంటూ చదవడం మొదలుపెట్టాడు.

"మరి అంతకుముందు మూడో పేరాలో మునసబు మూడుసార్లు అడిగితే ఎందుకివ్వలేదంట?" అని అడిగింది ఒక పిల్ల.

"అప్పుడు చిప్ప చాలింది గనక!" అని అరిచింది ఇంకో పిల్ల.

వెన్నెల నాలుగో పేరా చివరికి వెళ్ళింది. "'మర్నాడు తానే మునసబు ఇంటికి వెళ్ళి, ఊరికే తీసుకోండి బాబూ అని పడవ ఇచ్చేసింది. చిప్ప, తప్పేలా మాత్రం ఇంటికి తెచ్చుకుంది.'"

దినకర్ చటుక్కున బెంచీ మీద లేచి నిలబడ్డాడు.

"చిప్ప ఇవ్వలేదండి! మాస్టారండీ, చిప్ప ఇవ్వలేదు! త్యాగమూర్తి అయితే చిప్ప కూడా ఇచ్చేసేది కదండీ! కింద చూడండి, అయిదో పేరా, 'ఆ సాయంత్రం మునసబు గారు తడిబట్టలతో ఇంటికి వచ్చారు!' మునిగిపోయేడండి! మునసబు మునిగిపోయేడు!"

క్లాసంతా గొల్లుమంది. వెనక కుర్చీలో రోజ్‌మేరీ మేడం కర్చీఫ్ నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాఠం చివర అవ్వ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. ఆ నవ్వు దానం చేసిన తృప్తి వల్ల అని దీపిక 44వ పుటలో రాశాను. మునసబు తడిబట్టలు గోదావరిలో పుణ్యస్నానం వల్ల అని కూడా రాశాను. ఆ స్నానం పాఠంలో ఎక్కడా లేదు, నేనే చేయించాను.

నవ్వు సద్దుమణిగాక ఏదో ఒక గొంతు అంది, "మాస్టారండీ, మీరు కూడా పెట్టుకోండి."

అందరూ అందుకున్నారు. హైమ నావైపు చూసి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. కానీ ముప్ఫై ఎనిమిది మంది పిల్లల ముందు వెనక్కి తగ్గడం నాకు చేతకాదు. పట్టీ పెట్టుకుని, గొంతు సవరించుకుని చెప్పాను. "పోలమ్మవ్వ త్యాగమూర్తి."

డబ్బా కిర్రుమంది. హైమ చీటీ చింపింది గానీ చదవలేదు. నా చేతికిచ్చింది. నేనే పైకి చదివాను, ఇంకేం చెయ్యను.

"ఆధారం: పాఠంలో లేదు. నలభై అయిదేళ్ళ కిందట, ఏడో తరగతి, నాలుగో బెంచీ. అవధాన్లు మాస్టారి మాట."

డబ్బా అక్కడితో ఆగలేదు. ఇంకో చీటీ మెల్లగా బయటికి వచ్చింది. హైమ ఆశ్చర్యపోయింది. ల్యాబులో ఎప్పుడూ అలా జరగలేదట. ఆ చీటీ కూడా నేనే చదివాను. "దీని కింద ఇంకొకటి ఉంది. 'చిప్ప ఎందుకు ఇవ్వలేదండి?' ఆధారం: పాఠం, నాలుగో పేరా, చివరి వాక్యం. ఆ దారి మూసేయబడింది."

ఆ గది ఒక్కసారిగా పాత గదైపోయింది. నాకు పన్నెండేళ్ళు. నాలుగో బెంచీలో లేచి నిలబడి, చిప్ప ఎందుకు ఇవ్వలేదండి అని అడిగాను. అవధాన్లు మాస్టారు నా చెవి మెలేసి, పెద్దవాళ్ళ దానాన్ని వెటకారం చేస్తావా అని సాయంత్రం గంట కొట్టేదాకా బెంచీ ఎక్కించారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆయన చేతిలో కూడా ఒక గైడు ఉండేది. బెంచీ మీద నిలబడి నేను పోలమ్మవ్వ త్యాగమూర్తి అని నూటపదహారుసార్లు రాశాను. రాసి రాసి నమ్మేశాను. నమ్మి పుస్తకం అచ్చేయించాను. మొన్న సోమవారం స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డ పిల్లని నవ్వులపాలు చేశాను.

నాకు ఏడుపొచ్చింది. పిల్లల ముందు అని ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"ఒరేయ్," అన్నాను. "నేను కూడా అడిగాన్రా ఈ ప్రశ్న. చెవి మెలేశారు. అంతే, మళ్ళీ అడగలేదు. మీ అందరిచేతా కూడా అడగనివ్వకుండా చేశాను. తప్పు నాది."

ఎవరూ నవ్వలేదు. వెన్నెల ఇందాక పట్టీ ఒరుసుకున్న నుదురు రుద్దుకుంటూ నిలబడి ఉంది.

"ఆ పేపరు తే అమ్మా."

వాచకంలోంచి నాలుగు మడతల పేపరు తీసింది. సున్నా కొట్టేసి, పక్కన మూడున్నర వేసి సంతకం పెట్టాను. ఆ పిల్ల పేపరు చూసుకుని వెంటనే తలెత్తింది.

"అర మార్కు ఎందుకు పోయిందండి?"

"చిల్లు ఉందన్నావు. ఎక్కడుందో వాక్యం చూపించావా పేపర్లో?"

వెన్నెల పేపరు చూసింది, వాచకం చూసింది. "లేదండి. చూపించలేదండి." ఈసారి వాదించలేదు. నాకు దాని మీద గౌరవం ఇంకాస్త పెరిగింది.

బెల్లు కొట్టారు. బయటికి వస్తుంటే కిటికీ గూట్లో నా క్యారేజీ కనిపించింది. వాచ్‌మన్ గేటు దగ్గర లేకపోతే అప్పుడప్పుడు అలా పెట్టిపోతారు ఎవరో ఒకరు. అది పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వెళ్ళాను.

శనివారం పంపన వెన్నెల పేరు పంపించాం. ఎనభై తొమ్మిదికి మూడున్నర కలిస్తే తొంభై రెండున్నర. దినకర్ గొడవ చేస్తాడేమో అనుకున్నాను. వాడు సాయంత్రం నా సైకిల్ దగ్గర కాపు కాశాడు.

"మాస్టారండీ, వచ్చే ఏడు నేనెల్తానండి. ఎనిమిదో తరగతి వాచకంలో కూడా ఇలాంటియి ఉన్నాయాండి?"

"నాకు తెలీదురా. చదివి నువ్వే చెప్పు," అన్నాను. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో పిల్లలతో నాకు తెలీదు అనడం అదే మొదటిసారి. తీరా అన్నాక ప్రాణానికి హాయిగా ఉంది.

దీపిక అచ్చువేసేవాళ్ళకి కూడా ఫోన్ చేశాను. 42వ పుటలో జవాబు తీసేసి, "రెండో పేరా మూడో వాక్యం, నాలుగో పేరా మొదటి, చివరి వాక్యాలు చదువు. ఇప్పుడు నువ్వే చెప్పు" అని వెయ్యమన్నాను. అవతలాయన లబోదిబోమన్నాడు. "జవాబు లేకపోతే గైడెందుకు కొంటారండీ పిల్లలు?" అన్నాడు. అది కూడా మంచి ప్రశ్నే అన్నాను.

ఆదివారం పొద్దున్న హైమ ప్రయాణం. ల్యాబువాళ్ళు రమ్మన్నారట. డైరెక్టరు గారు రైల్లో ఎదురు సీటాయన కోసం వెతుకుతున్నారట, క్షమాపణ చెప్పుకోవడానికి. హైమ డబ్బా సర్దుతుంటే సుభద్ర వంటింట్లోంచి వచ్చి నా ముందు ఒక పళ్ళెం పెట్టింది. ఉప్మా. అయిదు రోజుల తర్వాత.

"హైమా, ఆగు. అది ఇంకా సంచీలో పెట్టకు," అని పట్టీ తీసుకుని నా తలకి తనే బిగించింది. "ఇప్పుడు చెప్పండి. ఎలా ఉంది?"

ఒక ముద్ద తిన్నాను. మామగారు కళ్ళ ముందు మెదిలారు. ఆయన్ని పక్కకి జరిపి ఇంకో ముద్ద తిన్నాను.

"ఉప్పు తక్కువైంది. జీడిపప్పు మాడింది. అల్లం మాత్రం బాగా పడింది."

కిర్రు. "ఆధారం: నాలుక. ఇప్పుడే."

సుభద్ర చీటీ రెండుసార్లు చదువుకుంది. "ఇరవై తొమ్మిదేళ్ళూ ఉప్పు తక్కువ తిన్నారా ఖర్మ!" అని నవ్వి, ఉప్పు డబ్బా తెచ్చి పళ్ళెం పక్కన పెట్టింది. తర్వాత నా తలమీంచి పట్టీ తీసి తన తలకి పెట్టుకుంది. పాత చీటీ ఇంకా నా జేబులోనే ఉంది.

"మా ఆయన పాఠం బాగా చెబుతారు," అంది. ఈసారి గోడకేసి చూడలేదు. జిల్లా ఊసు కూడా ఎత్తలేదు.

డబ్బా కిర్రుమంది. హైమ చీటీ చింపి, చదవకుండా నా చేతిలో పెట్టింది.

"ఆధారం: గురువారం, మూడో పీరియడ్, ఏడో తరగతి కిటికీ బయట. చేతిలో క్యారేజీ."